మిసిసిపీ పుట్టింటి అడవిలో

అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లిన అమ్మానాన్నలకు మిసిసిపీ పుట్టిన చోటు చూపించాలంటే ఇటాస్కా స్టేట్ పార్క్‌కే తీసుకెళ్లాలి. కారులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. ఇటాస్కా సరస్సు నుంచి నది బయటికొచ్చే చోట ఒక రాళ్ల వరుస ఉంటుంది. దాని మీద అడుగులేస్తూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటేయొచ్చు. సుమారు నాలుగు వేల కిలోమీటర్లు పారే మహానది అక్కడ ఆరు మీటర్ల వెడల్పు కూడా ఉండదు, నీళ్లు మోకాళ్ల దాకానే. గోదావరి పుట్టుక చూడ్డానికి త్ర్యంబకం దాకా వెళ్లే మనవాళ్లకు ఆ రాళ్ల మీద నిలబడితే కలిగే పులకింత ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. కానీ ఫొటో దిగి అక్కడి నుంచే వెనక్కి తిరిగితే చూసింది సగమే. నది వెనకాల అడవి ఉంది. ఆ అడవికి ఒక పోరాటం ఉంది. అది అర్థమవ్వాలంటే నడవాలి.

సరస్సు దక్షిణపు కొసన 1905లో దుంగలతో కట్టిన డగ్లస్ లాడ్జ్ ఉంది. దాని కింద పడవల రేవు దగ్గర మొదలవుతుంది డాక్టర్ రాబర్ట్స్ ట్రైల్. సుమారు మూడు కిలోమీటర్ల చుట్టుబాట ఇది. థామస్ రాబర్ట్స్ వృత్తిరీత్యా వైద్యుడు, ప్రాణం మాత్రం పక్షులే. మిన్నెసోటా పక్షుల మీద పెద్ద గ్రంథం రాశాడు. బాట మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు. కొన్నిచోట్ల మెట్లు, వేర్లు తేలిన ఎత్తుపల్లాలు. ఈ నేలంతా వేల ఏళ్ల కిందట మంచు ఫలకాలు వెనక్కి తగ్గుతూ వదిలేసిన మట్టీ రాళ్లే. మధ్యలో చిక్కుకున్న మంచుగడ్డలు కరిగి గుంటలు పడ్డాయి, గుంటలు సరస్సులయ్యాయి. పార్కులో అలాంటివి చిన్నా పెద్దా వందకు పైగా ఉన్నాయి.

మొదట సరస్సు పక్కనే సాగే బాట కాసేపటికి నాచు నేలలోకి దిగుతుంది. అక్కడ చెక్కలు పరిచిన దారి మీద నడవాలి. పక్కకు కాలు పెట్టకూడదు. ఆ మెత్తటి నేలలో జూన్ చివర్లో గులాబీ, తెలుపు రంగుల్లో లేడీస్ స్లిప్పర్ పూస్తుంది. మిన్నెసోటా రాష్ట్ర పుష్పం అదే. విత్తనం మొలకెత్తాక మొదటి పువ్వు పూయడానికి పదేళ్లు దాటిపోవచ్చు. అందుకే దాన్ని కోయడాన్ని 1925లోనే చట్టం నిషేధించింది. అదృష్టముంటే సరస్సు మీది నుంచి లూన్ కూత వినిపిస్తుంది. నలుపు తెలుపు మచ్చల ఆ నీటిపక్షి గొంతు ఒక్కసారి వింటే మరవలేం.

చుట్టుబాట ముగించి లాడ్జ్ దగ్గరికి తిరిగొచ్చాక, తూర్పు ఒడ్డున ఉత్తరంగా సాగే బ్రోవర్ ట్రైల్ పట్టుకుంటే ప్రీచర్స్ గ్రోవ్ వస్తుంది. ఈ తోపు కోసమైనా ఇటాస్కా వెళ్లాలి. రెండున్నర శతాబ్దాలు పైబడిన రెడ్ పైన్ చెట్లవి. ఎర్రటి పెచ్చులు తేలిన మాను చాలా ఎత్తు దాకా ఒక్క కొమ్మ లేకుండా నిటారుగా లేస్తుంది. ఆ ఎత్తు, ఆ దళసరి బెరడు నిప్పును తట్టుకోవడానికే. నేల మీద మంట పాకినా పైకి ఎక్కడానికి దానికి కొమ్మ దొరకదు. పైగా ఈ చెట్టుకు నిప్పు అవసరం కూడా. రాలిన ఆకుల పొర కాలిపోయి మట్టి బయటపడితే, పైనుంచి ఎండ పడితే, అప్పుడే విత్తనం నాటుకుంటుంది.

ఈ చెట్లు మిగలడం మాత్రం ప్రకృతి దయ కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి మిన్నెసోటా పైన్ అడవులను కలప కంపెనీలు ఊడ్చేస్తుంటే, సరస్సును సర్వే చేసిన జేకబ్ బ్రోవర్ ఈ ఒక్క చోటైనా మిగలాలని పట్టుబట్టాడు. 1891లో రాష్ట్ర శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పార్కు చట్టం గట్టెక్కింది. కానీ చట్టం వచ్చినంత మాత్రాన గొడ్డలి ఆగలేదు. పార్కు గీత లోపల కూడా చాలా భూమి ప్రైవేటు చేతుల్లోనే ఉంది.

1903లో పార్కు బాధ్యత మేరీ గిబ్స్ చేతికొచ్చింది. వయసు 24. అదే పదవిలో ఉన్న తండ్రి చనిపోవడంతో ఆమెను నియమించారు. దుంగలను నదిలో తేల్చుకుపోవడానికి కలప కంపెనీ వాళ్లు దిగువన ఆనకట్ట గేట్లు మూసి నీళ్లు నిలిపేవాళ్లు. సరస్సు ఉబ్బి ఒడ్డున చెట్లు మునిగి చచ్చిపోతున్నాయి. గేట్లు తెరవమని చెప్పడానికి ఆమె స్వయంగా వెళ్లారు. ముట్టుకుంటే కాలుస్తానని ఎదుటివాడు తుపాకీ పట్టుకున్నాడు. ఆమె లీవరు మీద చెయ్యి వేశారు. ఆ పదవిలో ఆమె ఉన్నది కొద్దికాలమే. పార్కులో నరుకుడు ఆగడానికి మరో పదిహేనేళ్లకు పైగా పట్టింది. ఈరోజు నది మొదలయ్యే చోట ఉన్న సందర్శకుల కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. లోపలికి వెళ్లేవాళ్లు ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా కోరిక.

అందరూ ఫొటోలు దిగే ఆ రాళ్ల వరుస కూడా సహజమైనది కాదు. 1930లలో ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనిలో పెట్టిన యువకులు అక్కడి బురద నేలను పూడ్చి, కాంక్రీటు మీద రాళ్లు పేర్చి, చూడదగ్గ మొదలుగా నదిని తీర్చారు. అందువల్ల నాకు ఆ చోటు మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. కారుకు పార్కు పర్మిట్ తీసుకోవాలి. జూన్, జులైలలో దోమల మందు లేకుండా అడుగు పెట్టొద్దు. పిడుదులు పట్టుకుంటాయి కాబట్టి ప్యాంటు కొసలు సాక్సుల్లోకి దోపుకోండి, నడక అయ్యాక ఒళ్లంతా చూసుకోండి. దోమల బెడద వద్దనుకుంటే సెప్టెంబరు చివర మేలు. అప్పుడు మేపుల్, ఆస్పెన్ ఆకులు రంగు మారతాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే రెండు బాటలూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

నడుస్తూ ఒక్కటి గమనించండి. పెద్ద పైన్ల కింద పిల్ల పైన్లు తక్కువ. దశాబ్దాల పాటు నిప్పును రానివ్వకపోవడంతో పొదలు కమ్మేశాయి. వేటను నిషేధించిన కాలంలో జింకలు విపరీతంగా పెరిగి లేత మొలకలను మేసేశాయి. ఇప్పుడు సిబ్బంది అదుపులో మంటలు పెట్టి నేలను సిద్ధం చేస్తున్నారు. వైట్ పైన్ మొక్కల్లో జింకలు ముందుగా కొరికేది కొస మొగ్గనే కనుక, శీతాకాలానికి ముందు దాని చుట్టూ కాగితం ముక్క చుట్టి పిన్ను కొడతారు. ఒక్కో మొక్క దగ్గరా వంగి, చేత్తో చేసే పని ఇది. బాట పక్కన చిన్న పైన్ మొక్క తల మీద కాగితం కనిపిస్తే ఎవరో పారేసిన చెత్త అనుకుని పీకేయకండి, పిల్లలను పీకనివ్వకండి.