నోటిమాట హిబా ఉంది... పంచాయతీ పర్మిషన్ వస్తుందా?

తెలంగాణ పల్లెల్లో 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించకుండా, జీ ప్లస్ 2 వరకు ఇంటికి గ్రామ పంచాయతీయే పర్మిషన్ ఇస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉన్నదిదే. అది దాటితే డీటీసీపీ సాంకేతిక అనుమతి కావాలి.

మన ఇళ్లలో చిక్కంతా జాగా కాగితం దగ్గరే. అబ్బా బతికుండగా "ఈ జాగా పెద్దోడిది" అని చెప్పి, కొడుకు ఒప్పుకుని, స్వాధీనం కూడా ఇచ్చేస్తే ఆ హిబా షరియత్‌లోనూ, కోర్టులోనూ చెల్లుతుంది. కానీ పంచాయతీ కార్యదర్శి అడిగేది రిజిస్టర్డ్ డాక్యుమెంటు. ఆయన్ని అని ఏం లాభం, నోటిమాటకు జిరాక్స్ రాదు కదా! బ్యాంకు లోన్‌కూ అదే గొడవ.

అబ్బా ఉంటే ఇప్పుడే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించుకోండి. పోయారా, అమ్మీ, అక్కాచెల్లెళ్లతో సహా వారసులందరి సంతకాలతో పార్టిషన్ డీడ్ కావాలి. పర్మిషన్ కాగితం చేతిలో ఉన్నా, వాటా రాని చెల్లెలు కోర్టుకెళ్తే స్లాబ్ దగ్గరైనా పని ఆగొచ్చు.