నంది కొమ్ముల మధ్య ఎండ

మా ఇంటికి గవిపురం గుహ గుడి నడక దూరం. బెంగళూరు వచ్చి పాతికేళ్లయింది. సంక్రాంతి సాయంత్రం మా ఆవిడ ఆ గవి గంగాధరేశ్వరుడి దర్శనానికి వెళ్లని ఏడు లేదు. ఐదు దాటాక పడమటి ఎండ కిటికీలోంచి దూరి, నంది కొమ్ముల సందున సాగి, లింగం మీద వాలుతుంది. ఉండేది కొద్ది నిమిషాలే. దానికోసం వీధి నిండా ఇసకేస్తే రాలని జనం.

కిందటేడు పండక్కి మా మనవరాలు వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"తాతయ్యా, సూర్యుడు ఇవాళే ఉత్తరానికి తిరిగాడు కాబట్టి ఎండ లోపలికొస్తుందట. అమ్మమ్మ చెప్పింది, ఫోన్లోనూ అదే ఉంది" అంది.

"సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21నో 22నో తల్లీ. ఈపాటికి ఇరవై నాలుగు రోజుల దారి నడిచేశాడు. సాయంత్రం మన మేడ మీంచి చూడు, సూర్యుడు కుంగే చోటు గోడగడియారం లోలకంలా ఊగుతుంటుంది. జూన్‌లో ఉత్తరపు కొస, డిసెంబరులో దక్షిణపు కొస. కొసకి పోయేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ లోలకం అదే చోటు దాటాలి కదా? ఇవాళ ఎండ ఏ దారిన వచ్చిందో, డిసెంబరు కొసకి అన్ని రోజుల ముందు కూడా ఆ దారినే రావాలి. లెక్కపెట్టు."

వేళ్ల మీద లెక్కపెట్టింది. నవంబరు 27 దగ్గర ఆగింది. "మరి ఆ రోజు ఇక్కడికి ఎవరూ రారే!"

రారు. కానీ ఎండ వస్తుంది. నెహ్రూ ప్లానెటేరియంలో పనిచేసిన బి.ఎస్. శైలజగారు, మరో ఇద్దరు కలిసి ఈ గుడిని కొలిచి చూసి 2008లో అచ్చువేశారు. లింగం మీద ఎండ ఏటా రెండుసార్లు పడుతుందని తేల్చారు. జనవరి 13 నుంచి 16 వరకు ఒకసారి, నవంబరు 26 నుంచి డిసెంబరు 2 వరకు ఒకసారి. చిత్రకారులు థామస్ డేనియల్, విలియం డేనియల్ గీసిన 1792 నాటి బొమ్మలతో ఇప్పటి గుడిని పోల్చారు కూడా. అప్పట్లో ఇన్ని గోడలూ మండపాలూ లేవు. జూన్ చివర, పొద్దు ఉత్తరపు కొసన ఉన్నప్పుడు కూడా వెలుగు లోపలికి వచ్చేదట. ఓ పాత బొమ్మని సాక్ష్యంగా పిలిచి సూర్యుడి దారి చెప్పించడం! ఆ ఆలోచన తట్టినందుకే వాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతుంది. పంచాంగం సంక్రాంతిని నక్షత్రాలని బట్టి కడుతుంది. ఎండ నడిచేది ఋతువుని బట్టి. భూమి ఇరుసు తూలే బొంగరంలా ఇరవై ఆరు వేల ఏళ్లకి ఒక చుట్టు తిరుగుతుంది కనుక, ఈ రెండు లెక్కలూ సుమారు 72 ఏళ్లకి ఒక రోజు చొప్పున విడిపోతుంటాయి. ఈ ఊరు కట్టించిన కెంపేగౌడ కాలానికి సంక్రాంతి డిసెంబరు కొసకి ఓ వారం దగ్గరగా ఉండేది. ఇంకో వెయ్యేళ్లకి జనవరి చివరికి జరుగుతుంది. అప్పటికి ఈ గోడలు ఇలాగే ఉంటే, పండగ రాకముందే ఎండ వచ్చి వెళ్లిపోతుంది.

మనవరాలు వెంటనే లాప్‌టాప్ తీసి స్టెల్లేరియంలో తేదీలు ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంది. ఆకాశాన్ని తెర మీద చూపే ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, అది ఎలా రాశారో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నాకు అందుకే ఇష్టం. "పొద్దున్న ఫోన్ చెప్పింది నువ్వు అలాగే ఒప్పుకున్నావు, ఇప్పుడు సరిచూశావు. ఆ రెంటికీ ఉన్న తేడాయేనమ్మా సైన్సంటే" అన్నాను. ఈ తరం పిల్లలు గుళ్లో ప్రశ్నలడుగుతారు, తెర ముందు అడగరు. అదే నా బెంగ.

పంచాంగాన్నీ తీసిపారేయకండి. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఏడాదికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 36 సెకన్లు కట్టింది. నక్షత్రాలని బట్టి ఇప్పుడు కొలిస్తే 6 గంటల 9 నిమిషాల 10 సెకన్లు. తేడా మూడున్నర నిమిషాలు! దూరదర్శిని పుట్టకముందు, కంటిచూపుతో, ఎండలో పాతిన కర్ర నీడతో పట్టిన లెక్క. అది కట్టినవాళ్లు దేవుణ్ని నమ్మారు, నీడనీ కొలిచారు.

ఇస్రోవాళ్లు ప్రయోగానికి ముందు తిరుమలకీ, సూళ్లూరుపేట చెంగాళమ్మ దగ్గరికీ వెళ్లడం కొందరికి నచ్చదు. నాకు అందులో తప్పు కనబడదు. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చందమామ మీద కూలింది. దిగేటప్పుడు పేరుకున్న తేడాలని సరిదిద్దుకోవాలంటే అది గబుక్కున తిరగాలి, ఆ తిరుగుడుకి సాఫ్ట్‌వేర్ హద్దు పెట్టింది. దిగాల్సిన చోటూ 500 మీటర్ల చదరమే. రెండోసారి, చంద్రయాన్-3కి, ఆ చోటుని నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. కాళ్లు గట్టి చేశారు, ఇంధనం పెంచారు, సాఫ్ట్‌వేర్ మార్చారు. అప్పుడు నమూనా పట్టుకుని కొండెక్కారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అది చందమామ మీద దిగుతుంటే, బెంగళూరు పీణ్యలోని ఇస్రో కేంద్రంలో తెరల ముందు కూర్చున్నవాళ్లలో దణ్ణం పెట్టుకున్నవాళ్లూ ఉంటారు, పెట్టుకోనివాళ్లూ ఉంటారు. లెక్క మాత్రం అందరిదీ ఒకటే. లెక్క తప్పిందని దేవుడి మీదకి నెట్టేసి ఊరుకుంటే అప్పుడు నేనూ కోప్పడేవాణ్ని.

నవంబరులో మేం ముగ్గురం ఆ గుహ గుడికి వెళ్లాం. అర్చకస్వామికి ముందురోజే చెప్పుకున్నాం. సంక్రాంతి కంటే ఓ ఇరవై నిమిషాలు ముందే రావాలని మనవరాలు లెక్క తేల్చింది. సూర్యుడి గడియారం ఏడాది పొడుగునా మన గడియారంతో సరిగ్గా కలవదు; ఆ రెండు తేదీల సూర్యాస్తమయాలు చూసినా ఆ తేడాయే కనిపిస్తుంది. పగలంతా మబ్బు. మా ఆవిడ దీపం దగ్గర కూర్చుంది, మనవరాలు గడియారం చూస్తూ నిలబడింది. ఐదు కావస్తుండగా పడమర కాస్త తెరిపిచ్చింది. నంది వీపు మీద ముందు ఓ పసుపుపచ్చ మరక, తర్వాత కొమ్ముల నడుమ సన్నగా ఎండ. గుళ్లో మేం ముగ్గురం, అర్చకస్వామి, అంతే.

మా ఆవిడ చేతులు జోడించింది. పక్కనే మనవరాలు, గడియారం చూసి వేళ రాసుకుని, తనూ జోడించింది.