పిల్లల గోడు వినేవాళ్ల గోడు

హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో తెలుగు తప్ప మరో భాష రాని పిల్లకు ఆపద వస్తే, ఆ మాట వినడానికి తెలుగు తెలిసినవాళ్ల కోసం వెతుకుతారు. వాంగ్మూలం రాసే భాష పిల్లకు అర్థం కాకపోతే అనువాదకుల సాయం ఇవ్వాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. ఆ పిలుపు తరచూ మన ఇళ్లలోంచి సోషల్ వర్క్ చదివిన అమ్మాయికో, రెండు భాషలూ తెలిసిన టీచరుకో వస్తుంది.

అనువాదం చేసేవాళ్లు 'నన్ను కొట్టాడు' అని పిల్ల అన్నమాటను అలాగే 'నన్ను' అని చెప్పాలి. పిల్లకు జరిగింది తమ నోటితో, తమకు జరిగినట్టే పలకాలి. ఆ రాత్రి నిద్ర పట్టదు. సొంత పిల్లలను పక్కింటికి పంపాలన్నా భయం. కొన్నాళ్లకు ఏ కేసు విన్నా మనసు చలించదు, అది మరీ ప్రమాదం. అమెరికా మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1990లలో దీని గురించి విస్తారంగా రాశారు. ఇది పనెక్కువై వచ్చే అలసట కాదు, నాలుగు రోజులు సెలవు పెడితే పోదు.

శిక్షణ ఇక్కడ పనికొస్తుంది. 'ఆయనేనా చేసింది?' అని అడగకుండా 'ఏం జరిగిందో చెప్పమ్మా' అనడం నేర్పుతారు. తరవాత పిల్లను ఎవరికి అప్పగించాలో, తన బాధ్యత ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. మనిషిని కుంగదీసేది ఎక్కువగా 'నేనేమీ చేయలేకపోయాను' అన్న భావమే. చేయవలసింది తెలిస్తే అది తగ్గుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2020లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అండతో మొదలైన 'సంవాద్' బాలల సంరక్షణ సిబ్బందికి ఇలాంటి శిక్షణే ఇస్తోంది.

అయితే రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి సెక్షన్లు చదివి, టీ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెడితే సరిపోదన్నది మా అభిప్రాయం. ఘోరమైన కేసులు వరసగా చూపించి, తరవాత మాట్లాడుకునే వీలివ్వకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. వారానికోసారైనా కూర్చుని వినే సీనియర్ ఉండాలి. కేసుల సంఖ్యకు హద్దుండాలి. ఇవి లేనిచోట ఎంత శిక్షణైనా కొద్ది నెలల్లో కరిగిపోతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. పిల్లల వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి ఆమె ఏమీ చెప్పదు. 'ఏం కేసు?' అని గుచ్చిగుచ్చి అడగకండి. 'అన్నం తిన్నావా?' అని అడిగి పక్కన కూర్చోండి. బరువు మోయలేనిదైతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లలకు ఆపద కనిపిస్తే మాత్రం 1098.