ట్యాంకులో చిన్న పంపు.. బయట పెద్ద గోల

చాండ్లర్ (అరిజోనా): వినాయకచవితికి మారికోపాలోని మహాగణపతి ఆలయానికి బయల్దేరాం. రూట్ 347 ఎక్కాక అటూ ఇటూ ఎడారే. అప్పటిదాకా కారు అడుగున సన్నగా 'గుయ్'మంటున్న శబ్దం ఒక్కసారిగా ఖాళీగా తిరిగే మిక్సీలా అరవడం మొదలెట్టింది. రెండు కుదుపులిచ్చి బండి రోడ్డు పక్కన ఆగిపోయింది. వెనక సీట్లో ఏడాది పాప, చేతిలో రెండే నీళ్ల సీసాలు. పక్కనే ఉన్న ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు, అంటే 43 సెల్సియస్‌కు, తగ్గలేదు. అలాంటి చోట బండి ఆగడమంటే ఆలస్యం ఒక్కటే కాదు.. ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

మాది 1989 నాటి వోల్వో 240. ఇద్దరు మిత్రులం ముచ్చటపడి కొనుక్కున్నాం. 1974 నుంచి 1993 దాకా 28 లక్షలకు పైగా తయారైన మొండిఘటం అది. చవితికి నెల ముందే శబ్దం మొదలైతే ఒక గ్యారేజీకి తీసుకెళ్లాం. పెట్రోలు పంపు పోయిందన్నారు, కొత్తది వేశారు, మూడొందల చిల్లర డాలర్లు తీసుకున్నారు. పది రోజులు బాగానే ఉంది. మళ్లీ అదే గోల!

ఆ రోజు మీటరులో ముల్లు పావు దగ్గర ఉంది. మీటరే తప్పు చూపుతోందేమోనని ఫోన్ చేస్తే ఓ మిత్రుడు ఐదు గ్యాలన్ల పెట్రోలు తెచ్చి పోశాడు. బండి కదిలింది, అరుపు కూడా తగ్గింది. అక్కడే మాకు అనుమానం వచ్చింది. పెట్రోలు అయిపోయి ఆగితే సరే, పోస్తే శబ్దం ఎందుకు తగ్గాలి?

మన అంబాసిడర్ గుర్తుంది కదా. దాని పంపు ఇంజిను పక్కనే ఉండేది. మే నెల ఎండలో పెట్రోలు లోపలే ఆవిరై బండి ఆగితే డ్రైవరు పంపు మీద తడిగుడ్డ వేసి బీడీ కాల్చుకునేవాడు (పంపుకు కాస్త దూరంగా!). వోల్వో కథా దాదాపు అదే. ఇందులో పంపులు రెండు. డ్రైవర్ వైపు అడుగున, వెనక చక్రానికి ముందు పెద్ద పంపు. ట్యాంకు లోపల చిన్నది. చిన్నది పెట్రోలును నెడుతుంటే పెద్దది అందుకుని ఇంజినుకు పంపాలి. చిన్నది చచ్చిపోతే పెద్దదే పీల్చుకోవాలి. పీల్చే చోట ఒత్తిడి తగ్గి, వేడి పెట్రోలు బుడగలు కడుతుంది. ఆ బుడగలు మింగేటప్పుడు వచ్చేదే ఈ అరుపు. పంపును చల్లబరిచేది, లోపల నూనెలా పనిచేసేది కూడా పెట్రోలే కాబట్టి, అలాగే నడిపితే కొత్త పంపూ అరిగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే బరువుకు పెట్రోలు దానంతటదే కొంత దిగుతుంది, అందుకే గోల తగ్గుతుంది.

మర్నాడు తెల్లవారుజామునే పట్టాం. ముందు ఫ్యూజు. ఈ కార్లలో పింగాణీ ఫ్యూజులు తుప్పుకు కరెంటు అందకుండా చేస్తాయి, వేలితో తిప్పితే చాలు. మాది బాగానే ఉంది. ఒకరం సెల్ఫ్ కొడితే ఇంకొకరం పెట్రోలు పోసే మూత తీసి చెవి పెట్టాం.

"ఒరే, లోపల చప్పుడే లేదురా!"

డిక్కీలో చిన్న మూత విప్పి కనెక్టర్ దగ్గర మీటర్ పెడితే 12 వోల్టులు వస్తున్నాయి. అంటే చిన్న పంపే పోయింది.

ట్యాంకు తెరిచే ముందు బ్యాటరీ తీగ తీసేశాం. ఇక్కడి ఇళ్లల్లో గ్యాస్ వాటర్ హీటర్ తరచూ గ్యారేజీలోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకి ఆ మంట దాకా పోతుంది. అందుకే పని బయట, నీడలో, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేశాం. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు లీజు చదువుకోండి, పార్కింగులో రిపేర్లు చాలాచోట్ల ఒప్పుకోరు.

పంపు బయటికొచ్చాక చూస్తే జల్లెడ నల్లగా పూడుకుపోయింది, పంపును పైపుకు కలిపే జానెడు రబ్బరు గొట్టం చీలిపోయి ఉంది. ఆ గొట్టం చీలితే పంపు తిరిగినా పెట్రోలు ట్యాంకులోకే కారిపోతుంది. మామూలు పెట్రోలు గొట్టం వేయకూడదు. అది లోపలి వైపే పెట్రోలును తట్టుకుంటుంది, బయట నానితే పాడవుతుంది. ఎస్ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్నదే కొనాలి. జానెడు ముక్కకు అంత ధరా అనిపిస్తుంది, అయినా అదే కొనండి.

ఇలా రెండు పంపులున్న పాత కారు మీదైతే, గ్యారేజీలో పంపు మార్చాలనగానే "ట్యాంకులో ఉన్నది చూశారా?" అని అడగండి. మేం అడగలేదు.

తర్వాతి శనివారం అదే దారిలో గుడికెళ్లి వచ్చాం. పెద్ద పంపు మాత్రం పూర్తిగా సద్దుమణగలేదు, ఎండ ముదిరితే ఇప్పటికీ కొంచెం గునుస్తోంది. దానికి జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయిందేమో. ట్యాంకు సగానికి తగ్గనివ్వడం లేదు, డిక్కీలో ఎప్పుడూ రెండు గ్యాలన్ల మంచినీళ్లు.