మీకు తెలుసా? ఇటలీ సాసులోనూ మిరపే!

• టమాటా, మిరప రెండూ అమెరికా ఖండాల పంటలే. 1492లో కొలంబస్ సముద్రయానం తర్వాతే ఇటలీకి చేరాయి. మన దేశానికి మిరపను తెచ్చింది పోర్చుగీసువారు.

• ఇటలీలో అచ్చయిన తొలి టమాటా సాసు తయారీ విధానం 1690లలో ఆంటోనియో లాటిని నేపుల్స్‌లో రాసిన వంటల పుస్తకంలో ఉంది. పండు టమాటాలను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, సన్నగా తరిగి, ఉల్లి, మిరప, ఉప్పు, నూనె, వెనిగర్ కలపమన్నాడు. వెనిగర్‌కు బదులు చింతపండు వేసి రోట్లో నూరితే మన కాల్చిన టమాటా పచ్చడే!

• దక్షిణ ఇటలీలోని కలాబ్రియా మిరపకు ప్రసిద్ధి. అక్కడి డయమాంటే పట్టణంలో 1992 నుంచి మిరప పండుగ చేస్తున్నారు.

• గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పండే ‘గుంటూరు సన్నం’ మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది.

• ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి స్పగెటీ కలపడం ఇటలీ ఇళ్లలో మామూలే. ఈసారి మీరు చేసినప్పుడు మన సన్నం మిరపకాయలే తుంచి వేయండి.