ఒక వంక ఒరిగిన కారు

పాలారు తీరమున నున్న బేతమంగళమును లోకము చాలకాలము నీటికొరకే స్మరించినది. కోలారు బంగారు గనులకును, ఆ గనుల నాశ్రయించి వెలసిన పట్టణమునకును గత శతాబ్దారంభము నుండి ఇచ్చటి జలాశయమే నీరందించినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిదప, బ్రతుకుతెరువు కొరకు ప్రతిదినము బెంగుళూరికి పోయివచ్చువారు ప్రబలిరి. బెంగుళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారియు ఈ సమీపముననే సాగుచున్నది. అయినను ఆ నున్నని బాట చేరుటకు ముందు రాళ్లు తేలిన మట్టిదారులు, ఊరికొక వరుసగా స్పీడ్ బ్రేకర్లు దాటక తప్పదు. పైగా ఇది టమాటా పండు నేల. కోలారు మార్కెట్టుకు పోవు పెట్టె ఒక్కొక్కటి 15 కిలోలు తూగును. జీపు వెనుక 20 పెట్టెలు పేర్చినచో 300 కిలోల బరువు ఇంచుమించుగా వెనుక ఇరుసు మీదనే పడును. కావున ఇచ్చటి బండ్లు ఏదో ఒక వంకకు త్వరలోనే ఒరుగుట ఆశ్చర్యము కాదు. ఆ ఒరుగుటకు కారణమును సరిగా కనుగొనక, కనబడిన భాగమునెల్ల మార్చివేయుచు ధనవ్యయము చేసికొనుటయే నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

బండి ఒక మూల దిగినంతనే “షాకబ్జర్లు పోయినవి” అనుట పరిపాటి. ఇది పొరపాటు. బండి భారమును మోయునది స్ప్రింగు. షాకబ్జరు పని ఆ స్ప్రింగు యొక్క ఊపును అణచుట మాత్రమే. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమము ప్రకారము స్ప్రింగు తన మీది భారమునకు అనుగుణముగా కుంగును, భారము రెట్టింపైన కుంగుటయు రెట్టింపగును. చిరకాలము మోయరాని బరువు మోసి ఉక్కు అలసినను, చుట్టలలో ఒకటి విరిగినను, అదే భారమునకు బండి మరింత దిగును. షాకబ్జరు చెడినచో బండి దిగదు. గుంత దాటిన తరువాత కూడ ఊగుచుండును, టైరు మీద అక్కడక్కడ పళ్లెముల వంటి అరుగుదల కనబడును. ఈ రెండు రోగముల లక్షణములు వేరు, మందులును వేరు.

ఇక కొలత. కంటితో చూచి నిర్ణయింపరాదు. ఏలయనగా వాననీరు జారుటకై రోడ్డును అంచులవైపు వాలుగానే నిర్మింతురు, రోడ్డు ప్రక్కన నిలిపిన ఏ కారైనను ఒరిగినట్లే తోచును. సమతలమైన సిమెంటు నేలమీద, నాలుగు టైర్లలో సరియైన గాలి నింపి, సామానంతయు దింపి, బండిని రెండు బారలు ముందుకు వెనుకకు దొర్లించి నిలిపి, ప్రతి చక్రపు కేంద్రము నుండి దానిపైనున్న మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలువవలెను. నేలనుండి కొలిచినచో టైరులోని తేడాలు లెక్కలోనికి చొరబడును. మునుపు దెబ్బతిని బాగుచేయబడిన బండియైనచో మడ్‌గార్డే సరియైన తావున ఉండకపోవచ్చును, అట్టిచో క్రింది ఛాసిస్ మీద ఇరుప్రక్కల సమానస్థానములను ఎన్నుకొని వానిని కూడ సరిపోల్చవలెను.

కొలత చేతికి వచ్చిన తరువాతనే అసలైన చిక్కు మొదలగును. దిగిన మూలయందే దోషమున్నదని నమ్మరాదు. నులకమంచమునకు ఒక కోడు పొట్టిదైనచో దాని ప్రభావము ఎదుటి మూలయందును కనబడునట్లు, ఎడమ వెనుక స్ప్రింగు బలహీనమైనచో బండి ఆ మూలకు కుంగుటయే గాక, కుడి ముందు మూల కొంత పైకి లేచును. అది చూచి ముందువైపు ఎడమ స్ప్రింగే చెడినదని భ్రమపడి దానిని మార్చినవారు కలరు. ఈ భ్రమను తొలగించుటకు అతి సులభమైన పరీక్ష యొకటి కలదు. ముందువైపు అడ్డదూలమునకు సరిగా నడిమి బిందువున జాకీ పెట్టి, ముందు చక్రములు నేలను విడుచునంతవరకు ఎత్తవలెను. అప్పుడు ముందుభాగము ఒక్క బిందువు మీదనే నిలిచి ఇటునటు ఒరుగుటకు స్వేచ్ఛ కలిగియుండును గనుక, బండి ఒరుగుటను నిర్ణయించునవి వెనుకటి రెండు స్ప్రింగులు మాత్రమే. అట్లు ఎత్తినపుడు వెనుకభాగము సమముగా నిలిచినచో దోషము ముందున్నది. అప్పటికిని ఒరిగియే యున్నచో వెనుక నున్నది. పిమ్మట వెనుక నడిమిభాగమును ఎత్తి ఇదే పరీక్షను తిరుగవేసి చూచినచో సందేహము తీరును. ఈ పరీక్ష జరుగునంతసేపు ఎవ్వరును బండి క్రిందికి దూరరాదు. జాకీ ఎత్తుటకే గాని మోసి నిలుపుటకు కాదు.

ఏ కొస చెడినదో తెలిసిన పిమ్మట బండి జాతిని బట్టి వెదుకవలెను. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరులో ముందు చక్రములను మోయునవి మెలిపడి బిగువు చూపు ఉక్కు కడ్డీలు. అవి అలసినచో కొన తిరిగి అమర్చి ఎత్తును సరిచేయు సౌకర్యము కలదు, ఈ ఉపకారము నేటి కార్లలో దుర్లభము. వెనుక నున్నవి కమాను కట్టలు. జీపులకు, టెంపోలకు కూడ కమాను కట్టలే గనుక టమాటా బరువు మోయువారు వీనినే ముందు చూడవలెను: ప్రధానమైన పట్టీ చిట్లినదా, నడిమి బోల్టు తెగి ఇరుసు ప్రక్కకు జరిగినదా, షాకిలు బుష్ అరిగినదా? కమాను పట్టీ విరుగుట తుప్పు మరకలాగున సన్నని గీతగా మాత్రమే కనబడును, మట్టి కడిగిన గాని కంటికి పట్టదు. నేటి చిన్న కార్లలో స్ట్రట్‌ను చుట్టియుండు స్ప్రింగు అడుగుచుట్ట దాని ఆసనమునందే విరిగి దాగియుండును. స్టీరింగు త్రిప్పినపుడు “టక్” మను శబ్దము వినబడినచో ముందుగా అక్కడనే టార్చి వేసి చూడవలెను.

చాలామంది మెకానిక్కులు సైతము గమనింపని మరియొక కారణము కలదు. బండి జాకీల మీద నుండి చక్రములు వ్రేలాడుచుండగా క్రింది ఆర్ముల బోల్టులను బిగించినచో, ఆ స్థితియందే రబ్బరు బుష్ పట్టుకొనును. బండి నేలకు దిగిన తరువాత రబ్బరు మెలిపడి ఆ మూలను పైకి తన్నుచుండును. ఒకవైపే పని జరిగియున్నచో ఆ వైపు ఎత్తుగాను, రెండవవైపు దిగినట్లుగాను తోచును, కొంతకాలమునకు బుష్ చినుగును. ఆ బోల్టులను సడలించి, బండి బరువు చక్రములమీద మోపి, మరల బిగించినచో ఒక్క రూపాయి భాగమైనను కొనకయే బండి సమమగును.

స్ప్రింగు మార్చవలసివచ్చినచో ఇరుసుకు ఇరువైపులను జతగా మార్చవలెను. కొన్ని కార్లకు కుడి ఎడమ స్ప్రింగులు వేరు గనుక రంగు గుర్తులు చూచుకొనవలెను. స్ట్రట్ మీది స్ప్రింగును స్ప్రింగును అణచి పట్టు తగిన పనిముట్టు లేక విప్పబోవుట ప్రాణాపాయము. ఎత్తు మారినపుడు చక్రముల వాలు మారును గనుక వీల్ అలైన్‌మెంటును, వెలుతురు ఎదుటివారి కన్నులలో పడకుండ హెడ్‌లైట్లను సరిచేయించుకొనవలెను. క్రొత్త స్ప్రింగులు కొన్ని దినములు నడిచి కొంత అణగును. అటుపిమ్మట అదే సిమెంటు నేలమీద నాలుగు మూలలును మరల కొలిచి, ఆ అంకెలను బండి కాగితములతో పాటు భద్రపరచుకొనవలెను.