ఒక బ్లాకు గీస్తే అన్నీ గీసినట్టేనా?

శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్ 2022 ఆగస్టు 17న ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాది జూన్‌లో సిద్దిపేట, కామారెడ్డి కలెక్టరేట్లు తెరిచారు. తర్వాత జనగామ, పెద్దపల్లి, నిజామాబాద్ వంతు వచ్చింది. పనిమీద రెండు మూడు జిల్లాలు తిరిగినవాళ్లకు ఇవి ఎక్కడో చూసిన భవనాల్లాగే అనిపిస్తాయి. చాలా జిల్లాల్లో ఒకే తరహా నమూనాతో కట్టారు మరి. ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని పడమటికి వెళ్తే కొల్లూరులో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 2023 జూన్ 22న ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. అన్ని ఇళ్లనూ విడివిడిగా గీయడం ఎవరి తరమూ కాదు, గీయాల్సిన అవసరమూ లేదు. కొన్ని రకాల ఇళ్లు గీసి, వాటిని అంతస్తులుగా పేర్చి, ఆ అంతస్తులను బ్లాకులుగా నిలబెట్టి, బ్లాకులను నేలమీద పరుస్తారు.

నేను మేడ్చల్‌లో చిన్న డ్రాయింగ్ ఆఫీసు నడుపుతున్నాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తిచేసిన పిల్లలు పని నేర్చుకోవడానికి వస్తుంటారు. గోడ గీయడం, తలుపు పెట్టడం వాళ్లకు వచ్చే ఉంటుంది. నేను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది కాపీ చేయడం. వినడానికి చిన్న మాటే. కానీ మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఇప్పుడు లేస్తున్న అపార్టుమెంట్లలో తప్పులు ఎక్కువగా దూరేది ఆ సందులోంచే.

కాపీ రెండు రకాలు. ఒకటి తెగిపోయిన కాపీ. మొదటి అంతస్తు మొత్తం సెలెక్ట్ చేసి, పక్కన దించి, పైన ‘రెండో అంతస్తు’ అని రాస్తారు. ఆ క్షణం నుంచి ఆ రెండింటికీ సంబంధం ఉండదు. రెండోది తల్లిని మరవని కాపీ. అసలు డ్రాయింగ్ ఒక్కటే ఉంటుంది, మిగతావన్నీ దాన్నే చూపిస్తుంటాయి. అసలులో గోడ జరిగితే అన్నిచోట్లా జరుగుతుంది.

తేడా ఎంతో ఒక లెక్కలో చూడండి. స్టిల్ట్ ప్లస్ 5 (కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు), రెండు బ్లాకులు, అంతస్తుకు 5 ఫ్లాట్లు అనుకుందాం. మొత్తం 50 వంటిళ్లు. సగం పనయ్యాక ఓనర్ వచ్చి, వంటింటి కిటికీ 3 అడుగులు చాలదు, 4 చేయమంటాడు. తెగిపోయిన కాపీలైతే 50 చోట్ల మార్చాలి. సాయంత్రం ఏడింటికి, క్లయింటు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, 47 చోట్ల మారుస్తారు. మిగిలిన 3 కిటికీలు కాగితం మీద ఎవరికీ కనపడవు. లింటెల్ పోశాక, యూపీవీసీ కిటికీలు బిగించేవాళ్లు టేపు పట్టినప్పుడు కనపడతాయి. అప్పటికి సుత్తి, ఉలి తప్ప వేరే దారి ఉండదు.

తల్లి డ్రాయింగ్ అనే ఆలోచన పాతదే. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. అందులోనే ఒక మాస్టర్ బొమ్మ గీసి, దాని ప్రతులను ఎన్నిచోట్లయినా పెట్టి, మాస్టర్‌ను సవరిస్తే ప్రతులన్నీ మారే ఏర్పాటు ఉంది. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌లో దాన్ని బ్లాక్ అంటారు. వేరే ఫైలునే తెచ్చి తగిలిస్తే ఎక్స్‌రెఫ్. హంగరీ నుంచి వచ్చిన ఆర్కిక్యాడ్‌లో హాట్‌లింక్. 2000లో మార్కెట్లోకి వచ్చి, 2002లో ఆటోడెస్క్ కొనుక్కున్న రెవిట్‌లో గ్రూప్, లింక్ అని రెండు ఉన్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్లు వాడే ఈట్యాబ్స్‌లో ‘సిమిలర్ స్టోరీస్’ పెట్టుకుంటే ఒక అంతస్తులో వేసిన బీము దాన్ని పోలిన అంతస్తులన్నింటిలోనూ పడుతుంది.

మా ఆఫీసులో పద్ధతి ఇది: అంతస్తులకు గ్రూప్, బ్లాకులకు లింక్. ఒకే భవనంలో పైకి పేర్చేవి అదే ఫైలులో ఉండాలి, ఎందుకంటే మెట్లు, లిఫ్టు, డక్టులు కిందినుంచి పైదాకా ఒకే వరసలో నడవాలి. రెండో బ్లాకు మాత్రం విడి ఫైలు. సైట్ ఫైలులో దాన్ని కావాల్సినన్నిసార్లు తగిలించుకోవచ్చు.

కొత్తగా వచ్చినవాళ్లు రెవిట్‌లో ముందు తడబడేది లెవెల్స్ దగ్గర. మొదటి అంతస్తు లెవెల్‌ను పైకి కాపీ చేసి ఐదు అంతస్తులు చేస్తారు. పక్కన చూస్తే ఫ్లోర్ ప్లాన్లు ఉండవు. “మేడం, మూడో ఫ్లోర్ కనిపిస్తలేదు” అంటారు. లెవెల్ గీత చివర గుర్తు నల్లగా ఉందా, నీలంగా ఉందా చూడమంటాను. నల్లగా ఉంటే ఎత్తు ఉంది గానీ దానికి ప్లాన్ లేదని అర్థం. ప్లాన్ మనం విడిగా తయారు చేసుకోవాలి. తర్వాత అంతస్తును గ్రూప్ చేసి, ‘అలైన్డ్ టు సెలెక్టెడ్ లెవెల్స్’ అని పేస్ట్ చేస్తే కిందిదానికి సరిగ్గా నిలువునా పడుతుంది. మౌస్‌తో లాగి పెట్టేవాళ్లను నేను ఒప్పుకోను. అర అంగుళం జరిగినా కంటికి తెలియదు, ఆరో స్లాబుకు వచ్చేసరికి కాలమ్ కింద కాలమ్ ఉండదు.

లింకుతో ఒక చిక్కుంది. తల్లి ఫైలులో ఫ్లాటుకు 301 అని నంబరు ఇస్తే, ‘ఏ’ బ్లాకులోనూ 301, ‘బీ’ బ్లాకులోనూ 301 అనే వస్తుంది. ప్రతి కాపీకీ లింకు విడి నంబరు ఇవ్వలేదు. కాబట్టి ఏ-301, బీ-301 అనే పేర్లు సైట్ ఫైలులోనే రాసుకోవాలి. సేల్ డీడ్‌లోకి, బ్యాంకు లోను కాగితాల్లోకి, కరెంటు మీటరు మీదకి వెళ్లేది ఆ నంబరే. గోడలు ఒకేలా ఉండొచ్చు, నంబరు మాత్రం ఎవరిది వాళ్లదే.

మన ప్రాంతంలో అన్నిటికన్నా కష్టమైనది మిర్రర్. కంప్యూటరుకు అది ఒక్క కమాండ్. తూర్పు ముఖం ఫ్లాటు గీశాం అనుకోండి. వంటిల్లు ఆగ్నేయంలో, మాస్టర్ బెడ్‌రూం నైరుతిలో. పడమటి వరసకు అదే బొమ్మను మిర్రర్ కొడితే గుమ్మం పడమరకు తిరుగుతుంది, వంటిల్లు నైరుతికి పోతుంది, మాస్టర్ బెడ్‌రూం ఆగ్నేయానికి వస్తుంది. ఉత్తర దక్షిణాలు తిరగేస్తే వంటిల్లు ఈశాన్యంలో. సరే, మిర్రర్ వద్దు, సగం చుట్టు తిప్పుదాం అంటే వంటిల్లు వాయవ్యానికి వస్తుంది, దానికి చాలామంది ఒప్పుకుంటారు. కానీ మాస్టర్ బెడ్‌రూం ఈశాన్యంలో పడుతుంది, ఆ ఫ్లాటు అమ్ముడుపోదు. అందుకే పడమటి ఫ్లాటు మళ్లీ మొదట్నుంచి గీయాల్సిందే. వాస్తు నమ్మనివాళ్లూ ఒకటి ఆలోచించాలి. తూర్పు బాల్కనీని తిరగేసి పడమర పెడితే ఏప్రిల్ సాయంత్రం ఆ హాల్లో ఎవరు కూర్చోగలరు? ఎండను మిర్రర్ చేయలేం.

ఒకసారి శామీర్‌పేట వైపు ఒక సైటు చూడ్డానికి పిలిచారు. డ్రాయింగులు వేరే ఆఫీసు ఇచ్చినవి. బీ బ్లాకు రెండో స్లాబుకు సెంట్రింగ్ వేసి, సీకు పరుస్తున్నారు. మేస్త్రీ రెండు షీట్లు ఇటుక మీద పరిచి పిలిచాడు. “చూడండి మేడం, ఏ బ్లాకుల బాత్‌రూమ్ ఈ పక్క, డక్టు ఈ పక్క. బీ బ్లాకుల గోడ తిరిగింది గాని పైపు తిరగలే.” ఆర్కిటెక్చర్ ప్లాన్ మిర్రర్ అయింది, ప్లంబింగ్ షీట్ మాత్రం ఏ బ్లాకుది అలాగే కాపీ అయి వచ్చింది. దాని ప్రకారం పోతే బాత్‌రూమ్ సంకెన్ స్లాబు పడకగదిలో దిగేది. మేస్త్రీ షీట్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు కాబట్టి కాంక్రీటు పడకముందే ఆగింది. ఆయనకు రెవిట్ తెలియదు. స్లాబు కింద ఏ మనిషి ఎక్కడ పడుకుంటాడో తెలుసు. ఆ రోజు సైటులో నేను గౌరవించింది ఆ చూపునే. తల్లి ఫైలులో ప్లంబింగ్ కూడా కలిపి లింకు చేసి ఉంటే గోడతోపాటు పైపూ తిరిగేది.

నేల సంగతి వేరే. ఇక్కడి భూమి రాతినేల, ఎగుడుదిగుడు. ఏ బ్లాకు కన్నా బీ బ్లాకు చోటు మీటరున్నర పల్లంలో ఉండొచ్చు. స్టిల్ట్‌లోకి ర్యాంపు, ప్లింత్, డ్రైనేజీ వాలు ఏ కాపీలోనూ రావు. కాబట్టి స్టిల్ట్, పునాది లింకులోంచి తీసేసి బ్లాకుకు బ్లాకు విడిగా గీస్తాం. చెరువులూ అంతే. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్న చెరువైతే 9 మీటర్లు. మౌస్‌తో బ్లాకును కుడికి జరపడం తేలిక, ఆ గీత మీదకు జరిపామో లేదో సర్వే డ్రాయింగ్ పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. అదే జీవోలో ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతుంది. 24 నుంచి 27 మీటర్ల దాకా 9 మీటర్లు, 30 దాకా 10 మీటర్లు. పైన ఒక్క అంతస్తు పేస్ట్ చేస్తే కింద భవనం మొత్తం లోపలికి జరగాల్సి రావచ్చు.

ఒకే రకం అంతస్తులు కట్టడాన్ని బద్ధకం అనేవాళ్లున్నారు. నేను అనను. మైవాన్ షట్టరింగ్ అంటారే, ఆ అల్యూమినియం ప్యానెళ్లు వందకు పైగా సార్లు వాడొచ్చు. అంతస్తు మారకుండా ఉంటేనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఏడో అంతస్తులో ఒక్క కిటికీ జరిపితే దానికోసం విడి ప్యానెళ్లు చేయించాలి. పేదల ఇల్లు వేగంగా, చవగ్గా లేవాలంటే ఒకే అచ్చు కావాలి. కొల్లూరులో ఇల్లు దక్కిన కుటుంబానికి తన ఇల్లు మరో 15,000 ఇళ్లలాగే ఉందన్న బాధ ఉంటుందని నేను అనుకోను. వంటింటికి గాలి వస్తుందా, పైపు కారుతోందా అన్నది చూసుకుంటారు. అవి సరిగ్గా ఉండటం గీసేవాళ్ల పని.

మీరు ఈ వైపు ఫ్లాటు కొంటుంటే బిల్డరు చేతిలో పెట్టే కాగితం చాలాసార్లు ‘టిపికల్ ఫ్లోర్ ప్లాన్, 1 నుంచి 5’ అని ఉంటుంది. అందులో మీ ఫ్లాటు లేదు, మీ ఫ్లాటు లాంటిది ఉంది. మీ బ్లాకు, మీ అంతస్తు, మీ నంబరు ఉన్న షీటు విడిగా అడగండి. ఉత్తరం బాణం ఎటు ఉందో చూడండి. బీ బ్లాకైతే ఏ బ్లాకు షీటు పక్కన పెట్టుకుని వంటిల్లు, బాత్‌రూములు, డక్టులు ఏ పక్క ఉన్నాయో వేలు పెట్టి చూసుకోండి. ప్లంబింగ్ షీటూ అడగండి. చూపించడానికి ఏ ఆఫీసుకైనా ఐదు నిమిషాలు పడుతుంది.